ఎర్ర బండీ, నీలం కుర్చీ

వానాకాలంలో నన్ను నా చేపల చెరువు దగ్గరికి కుర్చీలో మోసుకెళ్ళేవారు. మామూలు నీలం ప్లాస్టిక్ కుర్చీ. పెళ్ళి షామియానాల కింద వరసలు వరసలుగా వేస్తారే, ఆ రకం. దాని చేతుల కింద నుంచి రెండు వెదురు బొంగులు దూర్చి నైలాన్ తాడుతో బిగించారు. ముందొకరు, వెనకొకరు ఆ బొంగుల్ని భుజాలకెత్తుకుంటే, మధ్యలో నేను ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఊరేగేవాణ్ణి. దేవుణ్ణి మోస్తే హారతిస్తారు, పీనుగను మోస్తే పేలాలు చల్లుతారు. నన్ను మోస్తే ఎవరూ ఏమీ చల్లేవారు కాదు. పక్క చేలో నాట్లేస్తున్న ఆడవాళ్ళు నడుం ఎత్తి నిలబడి చూసేవారు, అంతే. ఛీ, ఆ చూపు తలుచుకుంటే ఇవాళ్టికీ ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది.

చల్లపల్లి దాటి సముద్రం వైపు ఇంకా లోపలికి వెళితే మా నాన్న వాటాకి వచ్చిన పొలం ఉంది. తొంభైల మొదట్లో చుట్టుపక్కల వాళ్ళందరూ వరిచేలు తవ్వి చేపల చెరువులు చేస్తుంటే నేనూ చేశాను. కాపురం మాత్రం విజయవాడలో, పటమటలో. వారానికి రెండుసార్లు స్కూటరేసుకుని వెళ్ళి, తారు రోడ్డు మీద దాన్ని ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెంబడి కిలోమీటరున్నర నడిచేవాణ్ణి. ఆ నడక నాకు ఎంత ఇష్టమో నడిచినన్నాళ్ళూ తెలియలేదు.

తొంభైల చివర్లో బందరు రోడ్డు మీద ఒక ఇసుక లారీ నా స్కూటర్ని పక్కకు నెట్టేసి తన దారిన తను పోయింది. ఎడమ కాల్లో రాడ్డు వేశారు. మోకాలు పావు వంతు కూడా వంగదు. చీలమండ అసలే కదలదు. కర్ర సాయంతో గట్టి నేల మీద నడుస్తాను, మెట్లెక్కుతాను, అద్దె కారులో తిరుగుతాను. ఎండాకాలం ఇబ్బంది లేదు, కారు గట్టు మీద దాకా పోతుంది. మొదటి వాన పడిందా, ఇక ఆ నల్లరేగడి పని చెప్పక్కర్లేదు. కారు పోదు, మోటార్ సైకిలు పోదు. మామూలు మనిషి కాలు పిక్క దాకా దిగి పచక్‌మంటూ బయటికి వస్తుంది. నా కాలు దిగితే రాదు, దాన్ని పట్టుకుని ఇద్దరు పీకాలి.

చెరువు గట్టు మీద ఒక మకాం ఉంది, అంటే కాపలా పాక. అందులో ఒక పెద్దాయన ఉండేవాడు. సముద్రం మీద వేటకెళ్ళి వెళ్ళి, వయసు మళ్ళాక నా చెరువు కాపలాకి వచ్చాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. ఆయనా, ఆయన అల్లుడూ కలిసి నన్ను మోసేవారు. ఆ కుర్చీ ఉపాయం కూడా ఆయనదే. ముందు వైపు ఎప్పుడూ ఆయనే పట్టేవాడు, దారి తనకే తెలుసని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో ఎవరితోనూ చెప్పలేదు. నా కాలు వంగదు కదా, కుర్చీలో కూర్చుంటే ముందుకు బారుగా చాచుకునే ఉంటుంది. దానికి ఎదురుగా పెద్దాయన వీపు. ఆయన అడుగు వేసినప్పుడల్లా కుర్చీ ఊగి నా పాదం ఆ వీపుకి తగులుతుంది. తండ్రి వయసు మనిషి, నన్ను మోస్తున్న మనిషి, ఆయన్ని తన్నుకుంటూ వెళ్ళాలా నేను? మొదటిసారి తగిలినప్పుడు తల కొట్టేసినట్టయింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆ రోజు నుంచి రెండు చేతులూ తొడ కింద పెట్టి కాలు ఎత్తి పట్టుకునే కూర్చునేవాణ్ణి, కిలోమీటరున్నరా. తొడ నరాలు మెలితిరిగిపోయేవి. రాడ్డు ఉన్నచోట ఎవరో గునపంతో పొడుస్తున్నట్టు సలిపేది. పళ్ళు బిగించి చెరువుకేసి చూస్తూ ఉండేవాణ్ణి. 'కాస్త ఆగండి, కాలు నొప్పెడుతోంది' అనడానికి నోరు రాలేదు. మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకొకటి ఉంది, ఆడవాళ్ళ ముందు పూర్తిగా చెప్పరు. నేనూ చెప్పను. నాకు జరిగింది మాత్రం అదే.

అందుకని ఆ రోజుల్లో నాకున్నది ఒకే ఒక్క కోరిక. నా చెరువు దగ్గరికి నేను ఎవరి భుజమూ ఎక్కకుండా వెళ్ళాలి. లాభం రాకపోయినా సరే, చేపలు నాలుగు తగ్గినా సరే.

అలా ఏడేళ్ళు గడిచాక మా చెల్లెలి భర్త ఒక ఆదివారం కాగితాల కట్ట చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయనకి నేను బావగార్ని, నాకు ఆయన బావగారు. ఆయన స్థలాల బేరాల్లో నాలుగు రాళ్ళు వెనకేసుకుని, లోకంలో తనకి తెలియనిది లేదన్న జబ్బు తెచ్చుకున్న మనిషి.

"బావగారూ, మీ బురదకి మందు దొరికిందండీ. ఏటీవీ!" అన్నాడు.

నాలుగు లావుపాటి టైర్లున్న మోటార్ సైకిలన్నమాట. గుర్రమెక్కినట్టు ఎక్కి కూర్చుని హ్యాండిల్ పట్టుకుని తోలాలి. కొండదారుల్లో, బురదల్లో సరదా కోసం తోలుకునే బండి. రోడ్డు మీద తిప్పడానికి రిజిస్ట్రేషన్ ఉండదు. కృష్ణ మధ్యలో ఏదో లంకలో రిసార్టు పెడదామని ఇద్దరు భాగస్వాములు రెండు బళ్ళు తెప్పించారట. రిసార్టు లేవకముందే వాళ్ళిద్దరూ దెబ్బలాడుకున్నారు. ఇప్పుడా రెండూ మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక గోడౌన్‌లో పడున్నాయి. రెండూ ఏడొందల సీసీ. ఒకటి ఎర్రది, ఒకటి బూడిద రంగుది. రెండిట్లో ఒకటి తీసుకోవాలి.

నాకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మూడు వారాలు మా హాల్లో జరిగిన చర్చలు గుర్తొస్తే చీదరేస్తుంది. ఆయన ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి రెండు బళ్ళ వివరాలూ ప్రింటు తీయించుకొచ్చాడు. రోజూ సాయంత్రం వచ్చి, మా ఆవిడ పెట్టిన పకోడీలు తింటూ, నూనె చేతుల్తో ఆ కాగితాలు తిరగేస్తూ నాకు పాఠం చెప్పేవాడు.

"ఎర్రదానికి పికప్ చూడండి బావగారూ! గంటకి వంద దాటుద్దంట."

"నా గట్టు పొడవు కిలోమీటరున్నర. వంద మీద వెళ్ళి నేనెక్కడ ఆగాలి, సముద్రంలోనా?"

"అబ్బా, అది కాదండీ, పవర్ ఉంటే బురద ఏం చేస్తుందని! బూడిదదీ అంతే సీసీ గానీ బరువండీ, మూడొందల కేజీల పైన. ముందూ వెనకా కడ్డీల సామాను బల్లలు పెట్టాడు. తవుడు బస్తాలు మోసుకునే బండి. మీరు బస్తాలు మోస్తారా ఏంటి?"

ఎవరికి ఏం తెలుసని మాట్లాడేవాళ్ళమో! కృష్ణా జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళం. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి టైర్ల మీద ఇనప చక్రాలు ఎందుకు బిగిస్తారో పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. బురదలో ఇంజను ఎంత గట్టిగా అరిచిందని కాదు, చక్రం నేలని పట్టిందా లేదా అనేదే లెక్క. బూడిద బండికి నాలుగు చక్రాలూ తిరుగుతాయి, ఎర్రదానికి వెనక రెండే, అదీ చెయిను మీద. ఆ సంగతి ఆ కాగితాల్లోనే ఉంది. మేం ఇద్దరం దాన్ని దాటేసి హార్స్ పవర్ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం.

ఇంకో సంగతి ఆఖరి పేజీలో ఉంది. అది ఆయన చదివాడో లేదో తెలియదు, నేను చదివాను. ఎర్రదానికి గేర్లున్నాయి. చేత్తో క్లచ్ నొక్కి, ఎడమ పాదంతో గేరు మార్చాలి. వేళ్ళు గేరు కడ్డీ కింద దూర్చి పైకి లేపాలి, పైనుంచి తొక్కాలి. బూడిదదానికి అదేమీ లేదు. బొటనవేలితో మీట నొక్కితే పోతుంది, వదిలితే తగ్గుతుంది. ఎడమ కాలికి ఉద్యోగం లేదు. వెడల్పాటి పలక మీద చాచి పెట్టుకోవడమే.

చదివాను. అర్థమైంది. ఆ పేజీ విడిగా తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే, ఎవరైనా ఆ మాట అంటారని. బావగారో, మా ఆవిడో, 'మీ కాలికి గేర్లు కుదరవు కదా' అంటే, 'సరే, మీరంతగా చెప్తుంటే ఏం చేస్తాం' అని బూడిదదానికి ఒప్పుకుందామని. నా నోటితో నేను అనకుండా పని జరిగిపోవాలని. ఇంతకంటే సిగ్గుమాలిన తెలివి ఇంకోటి ఉంటుందా?

ఒక్కసారి మా ఆవిడ అనబోయింది. పకోడీల పళ్ళెం తీస్తూ ఆగి, "ఏవండీ, ఆ ఎర్రదానికి మీ కాలు..." అంది. నేను తలెత్తి చూశాను. ఎలా చూశానో ఏమో, "మీ కాలు జాగ్రత్త, ఎత్తుగా ఉంటుందేమో ఎక్కడానికి" అని మాట మార్చేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అనాలని కోరుకున్నదీ నేనే, అనబోతే ఉరిమి చూసిందీ నేనే.

నాలుగో ఆదివారం గోడౌన్‌కి వెళ్ళాం. బళ్ళ ఆసామి, ఆ భాగస్వాముల్లో ఒకాయన, నన్ను గుమ్మంలోనే ఎదురొచ్చి తీసుకెళ్ళాడు. లోపలికి మూడు మెట్లు. నేను కర్ర ఊని, ఎడమ కాలు పక్కనుంచి తిప్పి ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆయన గోడ మీది కేలండర్ని అంత శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. ఎక్కాక, "రండి, రండి" అన్నాడు, అప్పుడే నన్ను చూసినట్టు.

రెండు బళ్ళూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఎర్రది చూడటానికి అందంగానే ఉంది, కాదనను. కోపంగా ముందుకి దూకబోతున్న పొట్టేలులా ఉంది. బూడిదది గేదెలా ఉంది. వెడల్పుగా, ఓపిగ్గా, ఎవరేమనుకుంటే నాకేం అన్నట్టు. వెనక పెరట్లో ట్యాంకరు నీళ్ళు పోయించి నేలంతా బురద చేయించాడు ఆసామి. బావగారు రెండూ ఎక్కి చెడతిరిగాడు. ఎర్రదాని మీద గిర్రున తిరిగి గోడకంతా బురద కొట్టి, ఈల వేశాడు. ఈ వయసులో ఈలేంటి, రోత కాకపోతే.

తర్వాత నన్ను బూడిదదాని మీద కూర్చోబెట్టారు. ఎడమ కాలు పలక మీద చాచాను. అది అక్కడ చక్కగా ఇమిడిపోయింది, ఆ పలకని నాకోసం కొలిచి చేసినట్టు. బొటనవేలితో మీట నొక్కాను. బండి అలా మెల్లగా కదిలి, బురదలోంచి ఏ హడావిడీ లేకుండా అవతలికి పోయింది. ఏడేళ్ళ తర్వాత బురద మీద నా అంతట నేను కదిలాను. ఇదే నా బండి అని నాకు అక్కడే, ఆ నిమిషమే తెలిసిపోయింది.

తిరిగొచ్చి ఆపేసరికి బావగారు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. "బాగానే ఉంది గానీ బావగారూ, పెన్షన్ బండిలా లేదూ? పెద్దవాళ్ళకైతే పర్లేదు."

ఆసామి చేతిలో గుడ్డతో బూడిద బండి ట్యాంకు తుడుస్తూ, "అది కాదండీ, సార్‌కైతే..." అని మొదలుపెట్టి నా కర్ర వంక చూశాడు. ఆ చూపు కర్ర మీదనుంచి జారి నేల మీదికి పోయింది. "సార్‌కైతే ఏదైనా బాగుంటుందండీ. మీ ఇష్టం" అని ముగించాడు.

ఏదైనా బాగుంటుందట! ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముగ్గురం ఒకే సంగతి చుట్టూ, కాల్లో ముల్లున్నవాళ్ళలా, అడుగు పడకుండా తిరుగుతున్నాం. జేబులో ఆ కాగితం ఉంది. తీసి చూపించి, 'నా ఎడమ పాదం కదలదు, నాకు గేర్లు వద్దు' అంటే అయిపోయేది. ఒక్క వాక్యం. దానికి బదులు ఏమన్నానో తెలుసా?

"ఎర్రదే ఇవ్వండి" అన్నాను.

"అదీ బావగారంటే!" అని బావగారు నా వీపు తట్టాడు.

గేర్ల సంగతి నేను ఆలోచించకపోలేదు. రెండో గేరులో వేసేసి, క్లచ్‌తో నెట్టుకుంటూ పోవచ్చనుకున్నాను. మరీ అవసరమైతే వంగి చేత్తో గేరు మార్చుకోవచ్చనుకున్నాను. వంగి, చేత్తో! నలభై దాటిన మనిషి, ఇంట్లో సోఫా చెయ్యి మీద కూర్చుని, ఎవరూ చూడకుండా కిందికి వంగి ఆ పని ప్రాక్టీసు చేశాడు. ఆ మనిషిని నేనేనని చెప్పుకోవడానికి ఇప్పటికీ అసహ్యమేస్తుంది.

బండికి పూజ చేయించారు. పసుపు, కుంకుమ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. బావగారే వాటిని తొక్కించాడు. ట్రాక్టరు ట్రక్కులో వేసి చల్లపల్లి మీదుగా పంపించి, తారు రోడ్డు పక్కనే రేకుల షెడ్డులో పెట్టించాం. పెద్దాయన, ఆయన అల్లుడు వచ్చి చూశారు. పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, గేరు కడ్డీని వేలితో అటూ ఇటూ ఆడించాడు. లేచి నా మొహం చూశాడు.

"ఎట్టా ఉంది పెద్దాయనా?" అన్నాను.

"రంగు బాగుందండి" అన్నాడు.

ఎండాకాలమంతా గట్టి నేల మీద అల్లుడే దాన్ని తోలి చూశాడు. నేను రెండుమూడు సార్లు ఎక్కి, వాడు గేరేసి ఇస్తే, అలా కాస్త దూరం పోయి వచ్చాను. చాలనుకున్నాను.

వానలు మొదలయ్యాయి. ఒకసారి ముసురు పట్టి మూడు రోజులు ఎండ మొహం కనబడలేదు. చేపల చెరువు ఉన్నవాడికి అంతకంటే చెడ్డకాలం లేదు. ఎండ లేకపోతే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, బొచ్చెలూ శీలావతులూ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని గుటకలేస్తుంటాయి. చూసి కొత్త నీళ్ళు పెట్టించకపోతే మధ్యాహ్నానికి తెల్లటి పొట్టలు పైకి వస్తాయి. ఆ ఉదయం అల్లుడు ఫోన్ చేశాడు. "చేపలు తేల్తన్నాయండి. తమరు వత్తారా?"

"వస్తున్నా. కుర్చీ అక్కర్లేదు" అన్నాను.

అద్దె కారులో తారు రోడ్డు దగ్గర దిగేసరికి మామా అల్లుళ్ళిద్దరూ షెడ్డు దగ్గర నిలబడి ఉన్నారు. వాన వెలిసింది గానీ మబ్బు నెత్తి మీదే ఉంది. అల్లుడు బండి స్టార్ట్ చేసి, రెండో గేరులో వేసి, క్లచ్ నా చేతికిచ్చాడు. "మీరు వెనక మెల్లగా రండి" అని నేను కదిలాను.

మొదటి రెండు వందల గజాలు, ఏం చెప్పను! ఇంజను అరుస్తోంది, టైర్లు బురదని రెండు పక్కలా చిమ్ముతున్నాయి, చొక్కా గాలికి ఉబ్బింది. నాట్లేస్తున్న ఆడవాళ్ళు నడుమెత్తి చూశారు. ఒకావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. చూడండి, బాగా చూడండి అనుకున్నాను. నేను ఎవరి భుజమూ ఎక్కలేదు. నా దారిన నేను పోతున్నాను. ఆ రెండు వందల గజాల కోసమే ఆ బండి కొన్నానేమో.

సగం దారిలో పక్క చెరువు నీళ్ళు బయటికి పోవడానికి గట్టు తెంపిన పల్లం ఒకటి ఉంది. అక్కడ వేగం తగ్గించి మొదటి గేరులోకి రావాలి. వేగం తగ్గించాను. బండి వణికింది. క్లచ్ నొక్కి, ఎడమ చేత్తో గేరు అందుకుందామని వంగబోయాను. క్లచ్ నొక్కాల్సిందీ ఆ ఎడమ చెయ్యే! ఇంట్లో సోఫా చేతికి క్లచ్ లేదు కదా. చెయ్యి తీశాను, బండి ఒక్క కుదుపు కుదిపి ముందుకి దూకి పల్లంలో పడింది. భయపడి యాక్సిలరేటర్ మీట గట్టిగా నొక్కాను. వెనక చక్రాలు రెండూ అక్కడికక్కడే గిర్రున తిరుగుతూ బావి తవ్వినట్టు తవ్వుకుంటూ దిగిపోయాయి. చెయిను నిండా రేగడి ముద్ద. పొగగొట్టం బురదలో బుడబుడలాడి, ఇంజను ఆగిపోయింది.

కాలిన బురద వాసన ఎప్పుడైనా చూశారా? మురిగిపోయిన గడ్డి, చచ్చిన చేప, మాడిన నూనె, మూడూ కలిపి ముక్కుకి పట్టించినట్టుంటుంది. వేడి ఇంజను మీంచి ఆ ఆవిరి నా మొహం మీదికి వస్తోంది. ముందు ముప్పావు కిలోమీటరు అవతల నా చెరువు. ఇక్కడ నేను, వాలిపోయిన బండి మీద, బారుగా చాచిన కాలితో. దిగితే అక్కడే పాతుకుపోతాను. కూర్చుంటే కూర్చునే ఉంటాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ముందు బావగారికి ఫోన్ చేసి విరుచుకుపడ్డాను. దిక్కుమాలిన బండి అంటగట్టాడన్నాను, పకోడీలు తిని పాడు సలహాలు చెప్పాడన్నాను. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"గేర్ల బండి మీకు పడదని నాకు మొదటిరోజే తెలుసు బావగారూ. మొహం మీద చెప్తే మీరు బాధపడతారని ఊరుకున్నా. మీరే బూడిదది అడుగుతారనుకున్నా."

"మరి పెన్షన్ బండి అన్నావుగా!"

"ఏదో ఒకటి అనాలి కదండీ. కాలి మాట రాకూడదని అలా జోకేశా."

"ఆ బూడిదది ఇంకా ఉందా?" అన్నాను. అంతకు వారం ముందే ఎవరో మిరప తోటల ఆసామి పట్టుకుపోయాడట.

ఫోన్ జేబులో పెట్టుకుని, థూ అని ఉమ్మి, పక్కకి తిరిగాను. నాకు పది అడుగుల వెనక పెద్దాయనా, ఆయన అల్లుడూ నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య, బొంగుల మీద, నీలం కుర్చీ.

"ఎప్పుడొచ్చారు మీరు?"

"మీ ఎనకాలేనండి. షెడ్డు కాడ్నించీ" అన్నాడు అల్లుడు తల గోక్కుంటూ.

"కుర్చీ అక్కర్లేదని చెప్పానా లేదా?"

వాడు మామ వంక చూశాడు. షెడ్డు దగ్గరికి వాళ్ళు వచ్చిందే కుర్చీతో. నాకు కనబడకుండా షెడ్డు వెనక పెట్టారు. నేను బండి మీద ఊరేగుతూ వాళ్ళనీ వీళ్ళనీ చూడమంటుంటే, ఆ ఇంజను చప్పుడు చాటున ఇద్దరూ ఖాళీ కుర్చీ మోసుకుంటూ నా వెనక వస్తున్నారు. ఆడవాళ్ళు నడుమెత్తి చూసింది ఆ ఊరేగింపుని! నోటి మీద చెయ్యి వేసుకుంది అందుకు!

"చిక్కుకుంటుందని తెలుసా నీకు?" అని అరిచాను పెద్దాయన మీద.

"తెలుసండి. గేరు చూసినప్పుడే తెలుసు."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావ్? చెప్పొచ్చు కదా!"

"ఎట్టా చెప్తామండి?" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, భయం లేదు. "అంత మోజు పడి కొనుక్కున్నారు. మీ కాలు పనికిరాదండీ అని ఏ నోటితో అంటాం? చెరువు సంగతి బెంగెట్టుకోమాకండి, తెల్లారగట్టే ఇంజనేసి కాలవ నీళ్ళు పెట్టేశా. తేరుకున్నాయి."

అంటే నేను రాకపోయినా జరిగేదే అదంతా. వాళ్ళిద్దరూ నన్ను బండి మీంచి దించి కుర్చీలో కూర్చోబెట్టారు. బొంగులు భుజానికెత్తారు. పెద్దాయన వీపు నా కాలికి ఎదురుగా వచ్చింది. నా చేతులు వాటంతటవే తొడ కిందికి పోయాయి. నాలుగడుగులు వేశారో లేదో, నరం మెలితిరిగింది. అప్పటికి నాలో దాచుకోవడానికి పరువంటూ ఏమీ మిగల్లేదు గనక, నోటికి వచ్చేసింది.

"ఆగండి. నొప్పి. ఈ కాలు పట్టుకుని పట్టుకుని ప్రాణం పోతోంది."

ఆగారు. పెద్దాయన మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. తొడ కింద నా రెండు చేతులూ చూశాడు.

"ఎందుకండీ అట్టా పట్టుకున్నారు?"

"నీ వీపుకి తగులుతుందని."

"ఇన్నేళ్ళూ ఇట్టానే పట్టుకున్నారా? మీ కాలు ఎవరన్నా చూత్తే మీకు గిట్టదేమోనని నేను ఎనక్కి తిరిగేవోణ్ణి కాదండి" అన్నాడు.

కుర్చీ కిందికి దించారు. ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి, నా ముందు రెండు బొంగులకీ అటొక కొస ఇటొక కొస ముడేసి ఉయ్యాలలా కట్టాడు. నా మడమ పట్టుకుని అందులో పెట్టాడు. రెండు నిమిషాల పని. మళ్ళీ ఎత్తుకున్నారు.

పాదం ఆ తువ్వాల్లో ఆయన వీపుకి జానెడు దూరంలో ఊగుతోంది. తగలడం లేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక ఎర్ర బండి బురదలో నడుం దాకా కూరుకుని ఉంది. ఏడేళ్ళు. ఒక ఏటీవీ, మూడు వారాల చర్చలు, ఒక కట్ట కాగితాలు. అన్నిటికీ విరుగుడు ఈయన తలకి చుట్టుకుని నా ముందే నడిచింది, ఏడేళ్ళూ.

మకాం కనబడుతుండగా, ముందుకే చూస్తూ పెద్దాయన అడిగాడు. "కాలు బాగుందాండీ బాబుగారూ?"

ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదలు.

"బాగుంది పెద్దాయనా" అన్నాను. అది నిజం కావడమే నాకు అన్నిటికంటే ఎక్కువ ఒళ్ళు మండించింది.